కీర్తి పంపకము: మెకార్థరు దంపతుల చరిత్రలపై నొక విమర్శ

ఒక యింటి యాస్తిని పంచునప్పుడు పెద్దమనుష్యులు కూర్చుండి పత్రములు చూతురు, సాక్షులను విందురు, సరిహద్దులు కొలిపింతురు. ఒక యింటి కీర్తిని పంచునప్పుడు మాత్రము అట్టి విచారణ జరుగుట యరుదు. ఎవని పేర పట్టా యున్నదో వానికే కీర్తియంతయు దక్కును. పాటుపడిన దెవరు, లెక్క వ్రాసిన దెవరు, అంతకు ముందా పొల మెవరిది యను ప్రశ్నలు చరిత్రకారులకు చాలకాలమునకు గాని తోచవు. ఇందుకు నిదర్శనముగా ఆస్ట్రేలియాలో తొలినాళ్లలో స్థిరపడిన యొక ఆంగ్లేయ కుటుంబపు కథను, దానిని వేఱువేఱు కాలములవారు వేఱువేఱు విధములుగా వ్రాసిన తీరును చదువరుల యెదుట పెట్టదలచితిని. కథ దూరదేశపుదే యైనను, అందలి చిక్కు మన యిండ్లలోనిదే.

ఈ విషయముపై నాకు దృష్టి కలిగించినది నా శిష్యురా లొకతె. ఒకనాడు తరగతిలో ఆస్ట్రేలియా ఉన్ని వ్యాపారమును గూర్చి చెప్పుచు, జాన్ మెకార్థరు ఆ వ్యాపారమునకు తండ్రి యని ప్రసిద్ధుడని వాడుకచొప్పున నంటిని. వెనుక బల్లనుండి యొక బాలిక లేచి "మాస్టారూ, మఱి తల్లి యెవరండీ?" అని యడిగినది. తరగతి యంతయు నవ్వినది. నేనును నవ్వితిని గాని, నాయొద్ద జవాబు లేదు. ఆ జవాబునకై చదువసాగిన గ్రంథములే యీ వ్యాసమునకు మూలము.

ముందుగా కథను క్లుప్తముగా చెప్పెదను. జాన్ మెకార్థరు 1767లో ప్లిమత్ పట్టణమున నొక బట్టల వర్తకునికి జన్మించెను. ఎలిజబెత్ 1766లో డెవన్ మండలమందలి బ్రిడ్జిరూల్ గ్రామమున నొక కర్షకుని యింట పుట్టెను. ఆమె చిన్ననాడే తండ్రి చనిపోయెను. తల్లి మఱల వివాహమాడెను. తాతగారి యింటను, గ్రామ పురోహితుడగు కింగ్డన్ గారి యింటను పెరిగి, ఆనాటి పల్లెటూరి బాలికలకు సామాన్యముగా లభింపని విద్యను ఆమె సంపాదించెను. 1788లో వారికి వివాహ మయ్యెను. మఱుసటి యేట జాన్ న్యూ సౌత్ వేల్స్ సైన్యదళమున నుద్యోగము పొందెను. ఖైదీలను మోసికొనిపోవు ఓడలలో నొకదానిపై 1790 ఆరంభమున భార్యాభర్తలు పసిబిడ్డతో బయలుదేరిరి. ఆ ప్రయాణము ఘోరమైనది. ఆ నౌకాసమూహమున బయలుదేరిన ఖైదీలలో ఇంచుమించు నాలుగవవంతు మార్గమధ్యముననే మరణించిరి. అధికారులతో కలహించి జాన్ తన కుటుంబమును నడిసముద్రమున వేఱొక యోడకు మార్పించెను. ఎలిజబెత్ నెలలు నిండకయే ప్రసవింపగా ఆ యాడుబిడ్డ బ్రదుకలేదు. 1790 జూన్ 28వ తేదీన సిడ్నీ రేవున దిగునప్పటికి ఆమెకు ఇరువదినాలుగేండ్లు నిండలేదు.

1793లో జానునకు పర్రమట్టా యొద్ద 100 ఎకరముల భూమి దొరికెను. అందు కట్టిన యింటికి భార్యపేర 'ఎలిజబెత్ ఫారం' అని పేరిడెను. ఆ యిల్లు నేటికిని నిలిచియున్నది. 1794 ప్రాంతమున కలకత్తానుండి వచ్చిన యోడలోనుండి 60 బంగాళపు గొఱ్ఱెలను, పిల్లలతో గూడ, అతడు కొనెను. ఇవి మన నెల్లూరి గొఱ్ఱెలవలె ఉన్నికి బదులు వెండ్రుకలు గలవి. వీనిని ఐర్లాండు గొఱ్ఱెలతో కలుపగా పుట్టిన పిల్లలకు వెండ్రుకయు ఉన్నియు కలిసిన బొచ్చు వచ్చెను. ఆ మార్పును చూచియే జాతిని బాగుచేయవచ్చునన్న యాశ తనకు కలిగెనని అతడే తరువాత చెప్పికొనెను. 1797లో వాటర్‌హౌస్, కెంట్ అను నావికాధికారులు ఆఫ్రికా దక్షిణాగ్రమునుండి మెరినో గొఱ్ఱెలను తెచ్చిరి; వానిలో కొన్ని మెకార్థరుకును, మఱికొన్ని మార్స్‌డెన్ మొదలగు నితరులకును చేరెను. కాబట్టి ఆ ఉన్నికి తండ్రు లెందఱో కలరు. బంగాళపు గొఱ్ఱెకైతే చరిత్రలో నొక వాక్యము మాత్రమే దక్కినది.

ఇక జాన్ స్వభావము. అతడు తెలివిగలవాడు, సాహసి, కాని కలహప్రియుడు. వరుసగా వచ్చిన గవర్నరులలో అతనితో తగవులాడనివారు తక్కువ. 1801లో తనపై యధికారి యగు పేటర్సనుతో ద్వంద్వయుద్ధము చేసి అతని భుజమున తుపాకితో గాయపఱచెను. గవర్నరు కింగు అతనిని విచారణకై ఇంగ్లండునకు పంపించెను. విచారణకు బదులు అక్కడ అతనికి అదృష్టము పట్టెను. యుద్ధముల వలన స్పెయిను ఉన్ని దొరకక బాధపడుచున్న వర్తకులకు తన ఉన్ని మచ్చులు చూపి, సైన్యోద్యోగమును విడిచి, రాజుగారి మందనుండి మెరినోలను కొని, లార్డు కామ్డెనువలన 5,000 ఎకరముల భూమికి ఉత్తరువు సంపాదించి 1805లో తిరిగివచ్చెను. 1808 జనవరి 26న సైన్యాధికారులు గవర్నరు బ్లైను పదభ్రష్టుని చేసిన తిరుగుబాటునకు ముఖ్యప్రేరకు డతడే. 1809లో మఱల ఇంగ్లండునకు పోయి, తిరిగివచ్చినచో బంధింపబడుదునను భయమున 1817వఱకు అక్కడనే యుండిపోయెను.

ఈ రెండు ప్రవాసములను కలిపినచో పండ్రెండేండ్లు. ఈ పండ్రెండేండ్లలో పర్రమట్టా యింటిని, కామ్డెను భూములను, గొఱ్ఱెలమందలను, పనిచేయు ఖైదీలను, లెక్కలను, ఆడుపిల్లలను చూచుకొన్నది ఎలిజబెత్. 1809లో భర్త ఇద్దఱు చిన్నకొడుకులను చదువునకై వెంటబెట్టుకొని పోవునప్పటికి ఆమె చేతిలో నెలల పిల్ల యుండెను. భర్త యన్నకుమారుడు హానిబాల్ కొంతకాలము తోడ్పడినను, భారమెల్ల ఆమెదే.

ఇంతవఱకు కథ. ఇక దీనిని వ్రాసినవారి సంగతి.

మొదటి తరమువారికి ఈ కథ జానుకథ. 1934లో అతడు మరణించి నూఱేండ్లయిన సందర్భమున ఆస్ట్రేలియా తపాలాబిళ్లపై మెరినో పొట్టేలును ముద్రించిరి. 1966లో డాలరు వాడుకలోనికి వచ్చినప్పుడు రెండుడాలర్ల నోటుపై అతని ముఖమును, ప్రక్కనే పొట్టేలును వేసిరి. పొట్టేలునకు దక్కిన చోటు భార్యకు దక్కలేదు. ఎల్లిస్ అను రచయిత 1955లో ప్రకటించిన గ్రంథము కూడ జాన్ పేరనే వెలువడినది. అయినను ఈ తరమునకు మనము ఋణపడవలసిన దొకటి కలదు. ఆ దంపతుల మునిమనుమరాలగు సిబెల్లా మెకార్థరు ఆన్‌స్లో 1914లో కుటుంబపు కాగితములను సంకలనము చేసి ముద్రించెను. అందు ఎలిజబెత్ జాబులు కూడ కలవు. ఇంటి పెట్టెలలోని కాగితములను చెదలపాలు చేయక దాచిన స్త్రీయే ఇక్కడ చరిత్రకు మేలుచేసినది. మన యిండ్లలో అమ్మమ్మల జాబు లేమగుచున్నవో చదువరులు తమలో తామే విచారించుకొందురుగాక.

రెండవ తరమువారు ఆ కాగితములను మఱల చదివి, కీర్తి పంపకమును సవరింప బూనిరి. హేజెల్ కింగ్ 1980లోను, మిషెల్ స్కాట్ టక్కర్ 2018లోను ఎలిజబెత్ పేరనే జీవితచరిత్రలను వ్రాసిరి. వీరి వాదము న్యాయమైనది. దానికి బలమిచ్చు యుక్తి యొకటి నాకు తోచినది. జాన్ ఇంగ్లండునుండి ఉత్తరములలో సలహాలు పంపుచునే యుండెను. ఏ పొట్టేళ్ల నుంచవలెను, ఉన్ని నెట్లు కడుగవలెను, బజారులో నేది చెల్లును అని అతడు నేర్చి వ్రాసినవి విలువగలవే. వానిని త్రోసివేయుట అన్యాయము. కాని ఆనాడు ఓడలో జాబు పోవుటకు నాలుగైదు నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకెక్కువయు పట్టుచుండెను. ప్రశ్న పోయి జవాబు వచ్చుసరికి ఇంచుమించు ఏడాది. వానలు లేనప్పుడు మందను ఎటు తోలవలెను, వరద వచ్చినప్పుడేమి చేయవలెను, కాపరి పారిపోయినప్పుడెవరిని నియమింపవలెను అను ప్రశ్నలు ఏడాది యాగునా? ఆమె సలహాలను పొందినది నిజమే. నిర్ణయములు మాత్రము ఆమెవే.

1822లో ఇంగ్లండునందలి కళాప్రోత్సాహక సంఘమువారు మేలైన ఉన్నిని తెచ్చినందులకు జానునకు రెండు బంగారు పతకము లిచ్చిరి. ఆ మందలు పెరిగినది చాలవఱకు అతడు లేని యేండ్లలో. సొమ్మొకనిది, సోకొకనిది యని మనవారు చెప్పు సామెత ఇక్కడ చక్కగా నతుకును. "ఇంటికి దీపము ఇల్లాలు" అని మనము గొప్పగా చెప్పికొందుము. దీపమువెలుగున లెక్కలు వ్రాయబడును గాని, ఆ లెక్కలలో దీపము పేరుండదు. స్త్రీని పొగడుట వేఱు, ఆమె పాలు ఆమెకిచ్చుట వేఱు.

మూడవది నవల. కేట్ గ్రెన్‌విల్ 2020లో వెలువరించిన 'ఎ రూమ్ మేడ్ ఆఫ్ లీవ్స్' అను గ్రంథము, ఎలిజబెత్ రహస్యముగా వ్రాసికొన్న స్మృతులు ఇంటి కప్పులో దొరికినట్లు కల్పన చేసి, ఆమెచేతనే కథ చెప్పించును. అది కల్పన యని రచయిత్రి గ్రంథాంతమున తానే చెప్పుచున్నది గనుక మోసము లేదు. శైలి సరసమైనది. ఆనాడు సిడ్నీలో నక్షత్రములను పరిశీలించుచుండిన డాస్ అను సైనికాధికారియొద్ద ఎలిజబెత్ ఖగోళశాస్త్రము నేర్చుకొనయత్నించి, అది తనకు మించినదని విడిచి, వృక్షశాస్త్రమునకు దిగినట్లు ఆమె జాబులవలన తెలియుచున్నది. నవల ఈ చిన్న విషయమునుండి యొక ప్రణయకథను అల్లినది. నవలాకర్తకు ఆ స్వాతంత్ర్యము కలదు. దానిని నేను తప్పుపట్టను. నా యాక్షేపణ వేఱు.

ఎలిజబెత్ తన బాల్యసఖియగు బ్రిడ్జెట్ కింగ్డనునకు వ్రాసిన జాబులు ప్రసన్నముగా నుండును. బిడ్డ పోయినను, భర్త కలహములాడినను, ఆమె ఉత్తరములలో ఫిర్యాదులు తక్కువ. నవల ఈ ప్రసన్నతను ముసుగని భావించినది. ముసుగు క్రింద నున్న అసలు స్త్రీ నేటి స్త్రీవలె మాటలాడును, భర్తను లోలోన ద్వేషించును, తాను వ్రాసిన జాబులను చూచి తానే నవ్వుకొనును. ఇది చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తునకు వచ్చినది.

మా నాయనమ్మకు చదువు రాదు. దూరపుటూర నున్న మా అత్తకు ఆమె చెప్పగా ఉత్తరములు వ్రాయుట చిన్ననాడు నా పని. ఒకయేడు మా తాతగారు అప్పుక్రింద రెండెకరములు పోగొట్టుకొనిరి. ఆ వారమే నాయనమ్మ నన్ను కూర్చుండబెట్టి "ఇక్కడ మేమందఱము క్షేమము, పాడి బాగున్నది, నీవు బెంగపడవద్దు" అని వ్రాయించెను. "పొలము సంగతి వ్రాయవద్దా?" అంటిని. "ఆ పిల్ల అక్కడ నేమి చేయగలదురా? అన్నము మానుకొనును, అంతే" అనెను. చాలకాలము నేను దానిని అబద్ధమనియే తలచితిని. నేడట్లు తలపను. ఆ ఉత్తరము పొలమును గూర్చినది కాదు, కూతును గూర్చినది. వ్రాయని మాట దాచిన మాట కానక్కఱలేదు. అది ఒకరికై ఓర్చుకొన్న మాట కావచ్చును.

పదివేల మైళ్ల దూరమున నున్న సఖికి జాబు వ్రాయు స్త్రీయు ఆ జాబును పలువురు చదువుదురని యెఱుగును. ఆమె ధైర్యముగా వ్రాసినది, ధైర్యము కావలసియుండుటచేత. ఆ ధైర్యమును ముసుగని తీసివేసి, లోపల నొక తిరుగుబాటుదారును పెట్టినచో ఆమెకు గౌరవము పెరుగునని నవల భావించినది. నాకు తగ్గినట్లు తోచినది. మన కాలపు స్త్రీవలె మాటలాడినగాని వెనుకటి స్త్రీని మనము గౌరవింపలేమా? అదియుగాక ఈ కథనమున జాన్ కేవలము దుర్మార్గుడగును. అతడు గర్వి, కలహశీలుడు, నిజమే. కాని ప్రవాసమునుండి అతడు భార్యకు వ్రాసిన జాబులలో ప్రేమయు కృతజ్ఞతయు స్పష్టముగా నున్నవి. చివరకు మతిభ్రమణము పాలై, 1832లో శాసనసభనుండి తొలగింపబడి, కట్టుకొన్న భార్యనే యనుమానించి, 1834 ఏప్రిలులో కామ్డెనునందు ఆమెకు దూరముగనే కన్నుమూసెను. ఆ దుఃఖము పగవారి కథ కాదు, కాపురపు కథ. 2022లో అలన్ అట్కిన్‌సన్ ఇద్దఱిని కలిపి వ్రాసిన చరిత్రకు ఎలిజబెత్ పేరును ముందుంచి, జాన్ పేరును తరువాత నుంచెను. దంపతులను విడదీసి తీర్పుచెప్పుటకన్న కలిపి చదువుట మేలని నా యభిప్రాయము.

అయితే అసలు ప్రశ్న యింకను మిగిలియున్నది. సొమ్మొకనిది, సోకొకనిది యన్న సామెతను భార్యాభర్తల విషయమున వాడితిమి. దానిని మఱియొక యడుగు ముందునకు తీసికొనిపోవలెను. ఆ సొమ్ము, అనగా భూమి, ఎవరిది?

పర్రమట్టా నేల దారుగ్ జాతివారిది. కామ్డెను నేల దారవల్ జాతివారిది. లార్డు కామ్డెను లండనునందు కూర్చుండి వ్రాసియిచ్చిన 5,000 ఎకరములలో ఒక్క ఎకరమైనను వారినడిగి తీసికొన్నది కాదు. 1791లో ఎలిజబెత్ సఖికి వ్రాసిన జాబులో దారింగా అను ఆదిమజాతి స్త్రీ మెత్తని చెట్టుబెరడులో పొదివిన తన శిశువును తెచ్చి చూపిన సంగతి కలదు. తన బిడ్డను సముద్రమున పోగొట్టుకొని యేడాది గడువని తల్లి మఱియొక తల్లి బిడ్డను చూచి వ్రాసిన ఆ పంక్తులలో అసహ్యము లేదు, అభిమానమే కలదు. కాని అభిమానము భూమిని తిరిగి యీయలేదు. మంద పెరిగినకొలది వేటభూములు తరిగినవి. 1797లో పెముల్వుయ్ అను వీరుని నాయకత్వమున దారుగ్‌వారు పర్రమట్టాలో సైనికుల నెదిరించిరి. 1802లో అతనిని కాల్చి చంపిరి. 1814 మొదలు 1816వఱకు కామ్డెను పరిసరములలో పోరాటములు జరిగినవి; ఎలిజబెత్ కాపరులు కూడ కొందఱు చంపబడిరి. 1816 ఏప్రిల్ 17న గవర్నరు మక్వారీ పంపిన సైనికులు ఆపిన్ యొద్ద స్త్రీలు, పిల్లలు నున్న విడిదిపై బడిరి. కనీసము పదునలుగురు మరణించిరి. వారిలో కొందఱు తరుమబడి కొండచఱియనుండి పడి చచ్చిరి.

ఆ యేండ్లలో కామ్డెను భూములకు యజమానురాలుగా వ్యవహరించినది ఎవరు? ఎలిజబెత్. ఇక్కడనే సంస్కారప్రియులమగు మనకు పరీక్ష. ఉన్ని కీర్తి పంచునప్పుడు నిర్ణయములు ఆమెవే యని వాదించితిమి. నేరము పంచునప్పుడు మాత్రము ఆమె భర్తచాటు స్త్రీ యని తప్పించుట న్యాయమా? స్త్రీకి స్వాతంత్ర్యము కలదని యొప్పుకొనుటయనగా ఆమెకు బాధ్యత కలదని కూడ నొప్పుకొనుటయే. ఆమె తుపాకి పట్టలేదు, సైన్యమును నడుపలేదు. ఆ కాలపు వలసదారులందఱివలెనే ఆ నేల తమదే యని నమ్మెను. అయినను ఆ నమ్మకమువలన లాభపడినవారిలో ఆమె యొకతె. మొదటి తరము ఆమెను నీడగా చేసెను. నవల ఆమెను బాధితురాలిగా చేసెను. రెండును ఆమెను చిన్నజేయుటయే. ఆమె సమర్థురాలు, సమర్థురాలు గనుకనే జవాబుదారి. ఇట్లు చెప్పగలిగినప్పుడే ఆమెను పూర్ణమనుష్యురాలిగా చూచినవార మగుదుము. జీతము లేక మందలు కాచిన ఖైదీల పేళ్లు సైతము ఈ కథలో చోటు కోరుచున్నవి.

ఎలిజబెత్ 1850 ఫిబ్రవరి 9న, ఎనుబదిమూడవ యేట మరణించెను. మాతృదేశమును విడిచిన నాటినుండి ఆ అఱువదియేండ్లలో ఒక్కసారియైనను ఆమె తిరిగి పోలేదు. కామ్డెను భూమిలోనే ఆమె సమాధి యున్నది.

జాన్ ముఖము గల రెండుడాలర్ల నోటు 1988లో మాఱినది. దానికి బదులు వచ్చిన నాణెముపై ఆదిమజాతి వృద్ధుడొకని ముఖమును, దక్షిణాకాశపు నక్షత్రములను ముద్రించిరి. నాణెపు రెండవవైపున ఎలిజబెత్ పేరుగల స్త్రీ యుండెను గాని, ఆమె ఇంగ్లండు రాణి. వరుసగా వచ్చిన ఈ రెండు ముద్రలు చెప్పు కథ మన యే చరిత్రగ్రంథముకన్నను క్లుప్తమైనది. పట్టాదారు పోయి అసలు హక్కుదారు వచ్చెను; నడుమ లెక్కలు వ్రాసినయామె రెంటను లేదు.

నా శిష్యురా లడిగిన ప్రశ్నకు మఱునాడు తరగతిలో జవాబు చెప్పితిని. తల్లి పేరు ఎలిజబెత్ అనియు, ఆమెను మెచ్చుకొనుటయు ప్రశ్నించుటయు రెండును చేయవలెననియు చెప్పితిని. ఆ బాలిక కూర్చుండక "మఱి ఆ నేలవాళ్లు ఇప్పుడెక్కడున్నారండీ?" అనెను. వారి సంతతి నేటికిని ఆ దేశముననే యున్నదనియు, తమ నేలను గూర్చి తామే మాటలాడుచున్నారనియు చెప్పితిని. ఈసారి తరగతిలో నెవరును నవ్వలేదు.